రేస్-టు ఫార్మాట్ రివ్యూ: పెయింట్‌బాల్ టోర్నమెంట్ చూడటానికా, ఆడటానికా?

రంగు నింపిన బంతుల్ని గన్‌తో కొట్టి ప్రత్యర్థుల్ని ఔట్ చేసే ఆట పెయింట్‌బాల్. దాని టోర్నమెంట్లలో ఇప్పుడు ఎక్కువగా నడుస్తున్న రేస్-టు ఫార్మాట్ (ముందే అనుకున్నన్ని పాయింట్లు ఎవరు ముందు చేస్తే వాళ్లదే మ్యాచ్) మీద ఈ రివ్యూ. నేను కింది డివిజన్‌లో బ్యాక్ ప్లేయర్‌ని. హారన్ మోగగానే ముందుకు పరిగెత్తే పని నాది కాదు. వెనక బంకర్ (దాక్కోవడానికి పెట్టే అడ్డు) దగ్గర నిలబడి, అవతలివాళ్లు పరిగెత్తే దారిని, అంటే లేన్‌ని, బంతులతో మూసేయడం నా పని. ఆట లేని వారాంతాల్లో పెద్ద టోర్నమెంట్ల వెబ్‌కాస్ట్ చూస్తూ కూచుంటాను. ఇంట్లోవాళ్లు దొరికితే వాళ్లనీ పక్కన కూచోబెడతాను. అందుకే ఈ ఫార్మాట్ గురించి నాకు రెండు ప్రశ్నలు ఉన్నాయి. ఆడేవాడికి ఇది న్యాయంగా ఉందా? ఆట తెలియనివాళ్లు మధ్యలో లేచిపోకుండా చూస్తారా?

నా రేటింగ్ ఐదుకి నాలుగు.

అద్దె మాస్క్ పెట్టుకుని స్నేహితులతో ఒక మధ్యాహ్నం ఆడి వచ్చినవాళ్లకి టోర్నమెంట్ ఆట వేరే ఆటలా కనిపిస్తుంది. మైదానం సుమారు 150 అడుగుల పొడవు, 120 అడుగుల వెడల్పు. చెట్లూ పొదలూ ఉండవు, గాలి నింపిన బంకర్లు ఉంటాయి. ఒక సగంలో ఏ బంకర్ ఎక్కడ ఉంటే రెండో సగంలోనూ అక్కడే ఉంటుంది, అద్దంలో చూసినట్టు. ‘వాళ్ల వైపు బాగుంది కాబట్టి గెలిచారు’ అనే మాటకి చోటు లేదు. ఒక్కో వైపు ఐదుగురు. ఒంటి మీదో గన్ మీదో బంతి పగిలి రంగు అంటితే ఆ ప్లేయర్ ఔట్. ప్రత్యర్థులు పరుగు మొదలుపెట్టే చోట ఒక బజర్ ఉంటుంది, వెళ్లి దాన్ని నొక్కితే ఒక పాయింట్. తర్వాత కొద్దిసేపు విరామం. ఆ కాసేపట్లోనే గన్ తుడవాలి, పాడ్లు (అదనపు బంతులు పెట్టుకునే గొట్టాలు) నింపాలి, తర్వాతి పాయింట్‌కి ఎవరు దిగాలో తేల్చుకోవాలి. మళ్లీ హారన్. డివిజన్‌ని బట్టి నాలుగో ఐదో ఏడో పాయింట్లు ముందు చేసినవాళ్లది మ్యాచ్. ఈలోగా టైమ్ అయిపోతే అప్పటికి ఎవరు ముందుంటే వాళ్లది.

ఇంత తేలిగ్గా చెప్పగలిగే ఫార్మాట్ దొరకడానికి ఈ ఆటకి చాలా ఏళ్లే పట్టింది. 1981 జూన్ 27న అమెరికాలో న్యూ హ్యాంప్‌షైర్ అడవిలో 12 మంది మొదటిసారి ఆడినప్పుడు జట్లే లేవు, ఎవరికి వారే. చెట్లకీ పశువులకీ రంగుతో గుర్తు పెట్టడానికి తయారైన నెల్‌స్పాట్ పిస్టళ్లు పట్టుకుని అడవిలోకి వెళ్లారు. గెలిచినవాడు రిచీ వైట్ అనే ఫారెస్టర్. ఒక్కసారి కూడా పేల్చకుండా అన్ని రంగుల జెండాలూ పోగుచేసుకుని బయటికి వచ్చాడు. ఆడినవాళ్లు జీవితాంతం చెప్పుకునే ఆట అది. కానీ బయట నిలబడి చూసేవాడికి అందులో ఏముంటుంది? అడవి తప్ప ఏమీ కనపడదు.

తర్వాత జట్లు వచ్చాయి, పదిమంది ఆట వచ్చింది, ఏడుగురి ఆట వచ్చింది. అడవి వదిలి బయటి మైదానంలోకి రావడమే జనం వైపు వేసిన అసలైన అడుగు. 2000ల మొదట్లో ఎన్‌పీపీఎల్ లీగ్ తన ‘సూపర్ 7’ టోర్నమెంట్‌ని ఏకంగా కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ బీచ్ ఇసుక మీద పెట్టింది. సముద్రం చూడటానికి వచ్చినవాళ్లు ఆగి ఆట చూస్తారని. ఆ ఆలోచన నాకు ఇప్పటికీ చాలా ఇష్టం. కానీ స్కోరు లెక్క మాత్రం చూసేవాడికి అందేది కాదు. ఒక ఆటకి గరిష్ఠంగా వంద పాయింట్లు. ఔట్ చేసినందుకు కొన్ని, మిగిలి ఉన్నవాళ్లకి కొన్ని, జెండా తీసినందుకు కొన్ని, దాన్ని అవతలి గేటుకి చేర్చినందుకు పెద్ద మొత్తం. బీచ్‌లో ఆగినవాడు ఆట ఎంత ఆసక్తిగా చూసినా, ఎవరు గెలుస్తున్నారో ఇంకొకరిని అడగాల్సిందే.

దాదాపు అదే సమయంలో, 2002లో ఎక్స్‌బాల్ వచ్చింది. 25 నిమిషాల హాఫ్‌లు రెండు. ఒకసారి గెలిస్తే ఒక పాయింటే, దాంట్లో ముక్కలు లేవు. తప్పు చేసినవాడు పెనాల్టీ బాక్స్‌లో కూర్చుంటాడు, జట్టు ఆ మేరకు తక్కువమందితో ఆడుతుంది. ఐస్ హాకీ చూసినవాళ్లకి కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా లేదు. ఒక్కటే ఇబ్బంది, అంతసేపు ఆడాలంటే పెద్ద జట్టు కావాలి, బంతులు బోలెడు కావాలి. మాలాంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు. రేస్-టు అదే ఆటని కుదించి చిన్న జట్లకీ అందేలా చేసింది.

ఇక చూసేవాళ్ల సంగతి. ఒక ప్రో మ్యాచ్‌కి మా అక్క నా పక్కన కూచుంది. ఆ మ్యాచ్‌లో వెనకబడ్డ జట్టు కోచ్, పాయింట్ ఇంకా నడుస్తుండగానే మైదానంలోకి టవల్ విసిరాడు.

“ఒరేయ్, ఆయనకి కోపమొచ్చిందా?”

“కోపం కాదక్కా. ఈ పాయింట్ మీకే ఇచ్చేస్తున్నాం అని చెప్పడం.”

“అసలే వెనకబడ్డారు కదరా, ఇంకో పాయింట్ ఇచ్చేయడమేంటి?”

స్క్రీన్ మీద గడియారం చూపించాను. వీళ్ల జట్టులో ఒక్కడే మిగిలాడు, అవతల నలుగురున్నారు. ఈ పాయింట్ ఎలాగూ పోయింది. కానీ అవతలివాళ్లకి తొందరేం లేదు. బంకర్ల వెనక కూచుని ఒక నిమిషం తినేసి, ఆ తర్వాత నింపాదిగా వెళ్లి బజర్ నొక్కుతారు. టవల్ విసిరితే పాయింట్ పోతుంది, ఆ నిమిషం మిగులుతుంది. అక్క ఒక్క క్షణం ఆలోచించి, “అయితే వీళ్లకి ఇప్పుడు ఎన్ని పాయింట్లకి ఎంత టైమ్ ఉంది?” అంది. ఇక అక్కడి నుంచి మ్యాచ్ అయ్యేదాకా నేను ఏమీ వివరించాల్సిన అవసరం రాలేదు. తర్వాతి పాయింట్‌లో వాళ్లు హారన్ మోగగానే ఐదుగురూ ఎందుకంత తెగించి ముందుకు ఉరికారో తనే చెప్పింది.

నేను ఈ ఫార్మాట్‌ని ఇంతగా మెచ్చుకోవడానికి కారణం ఇదే. టవల్ రూల్‌ని జనాన్ని ఆకట్టుకోవడానికి పెట్టలేదు. గడియారాన్నీ, పెనాల్టీ బాక్స్‌నీ హంగామా కోసం తేలేదు. పోటీ సరిగ్గా జరగడానికి కావాల్సినవి అవి. అక్కని కూర్చోబెట్టినవీ అవే. కబడ్డీ 2014లో ప్రో లీగ్‌గా టీవీలోకి వచ్చాక కూడా ఇలాంటిదే జరిగింది. వరసగా రెండు రెయిడ్లు ఖాళీగా పోతే మూడోది డూ-ఆర్-డై అన్నారు. ఆ రూల్‌తో పోటీ ఇంకా బిగిసింది, చూసేవాడికి ఎదురుచూడటానికి ఒక క్షణం దొరికింది. మ్యూజిక్, పొగ, అరిచే యాంకర్ ఉన్నా నాకు అభ్యంతరం లేదు. కాకపోతే అవి మనిషిని రప్పిస్తాయి, కూర్చోబెట్టలేవు.

నాకు బాగా నచ్చిన ఇంకో మార్పు సెకనుకి ఎన్ని బంతులు కొట్టొచ్చన్నది. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. ఎలక్ట్రానిక్ గన్లు వచ్చాక వాటి సర్క్యూట్ బోర్డులో దొంగ ప్రోగ్రాములు పెట్టుకోవడం పెద్ద తలనొప్పి అయింది. ప్లేయర్ ట్రిగ్గర్‌ని ఒకసారి లాగితే గన్ రెండో మూడో కొట్టేది. ఆట మధ్యలో రెఫరీ చెవితో విని అది మోసమని రుజువు చేయడం దాదాపు అసాధ్యం. ఎన్‌పీపీఎల్ ఒక లాగుడుకి ఒకే బంతి అనే రూల్ మీదే నిలబడింది. ఎక్స్‌బాల్ నడిపిన పీఎస్‌పీ లీగ్ ఇంకో దారి పట్టింది. ట్రిగ్గర్ కొంత వేగంగా లాగుతుంటే గన్ తనే మిగతా వేగం అందుకోవచ్చు, దీన్నే ర్యాంపింగ్ అంటారు. కానీ సెకనుకి 15 బంతులు దాటకూడదు. లోపల ఏ ప్రోగ్రామ్ ఉందన్నది తేల్చడం కష్టం. సెకనుకి ఎన్ని బంతులు వచ్చాయన్నది మాత్రం పరికరంతో కొలిచి చూపించొచ్చు. అది చాలా తెలివైన నిర్ణయం అని నా అభిప్రాయం.

తర్వాత ఆ 15ని మెట్టుమెట్టుగా తగ్గించుకుంటూ 10కి కాస్త పైకి తెచ్చారు. కాగితం మీద చిన్న తేడాలాగే ఉంటుంది. నా చోట నిలబడి చూస్తే తెలుస్తుంది. బ్రేకౌట్‌లో, అంటే హారన్ మోగగానే అందరూ బంకర్లకి పరిగెత్తేటప్పుడు, ముఖ్యమైనవి మొదటి మూడు సెకన్లు. 15 చొప్పున ఒక గన్ 45 బంతులు పంపేది, 10 చొప్పున 30 పంపుతుంది. బంతి సెకనుకి 300 అడుగుల వేగంతో బయటికి వస్తుందనుకుంటే రెండు బంతుల మధ్య దూరం 20 అడుగుల నుంచి 30కి పెరిగింది. ఆ సందులోంచి పరిగెత్తేవాడు దూరిపోతాడు. ఇదివరకు మూలనున్న బంకర్‌కి వెళ్లడమంటే దాదాపు ఔటవడానికి వెళ్లినట్టే. ఇప్పుడు కాళ్లలో సత్తువ ఉన్నవాడు వెళ్లి చేరుతున్నాడు, డైవ్ కొట్టి స్నేక్‌లోకి (మైదానం అంచున తక్కువ ఎత్తులో పొడవుగా ఉండే బంకర్ల వరస) జారుతున్నాడు, అక్కడి నుంచి పాకుతూ అవతలి సగంలోకి వచ్చి మాలాంటివాళ్లని పక్క నుంచి కొడుతున్నాడు. నా పని కష్టమైంది, నాకు సంతోషమే. ఇదివరకు ట్రిగ్గర్ పట్టుకుని నిలబడితే లేన్ దానంతటదే మూసుకునేది, ఇప్పుడు గురి ఉంటేనే మూసుకుంటుంది. గన్ పైన బంతులు పోసే డబ్బా, అంటే హాపర్‌లో పట్టే సుమారు 200 బంతులు 13 సెకన్లలో కాకుండా 20 సెకన్లలో అయిపోతాయి కాబట్టి ఖర్చూ తగ్గింది. చూసేవాడికి కదలిక దొరికింది, ఆడేవాడికి నైపుణ్యం చూపించే చోటు దొరికింది, కొత్త జట్టుకి జేబు కాస్త తేలికపడింది. ఒక్క రూల్‌తో ఇన్ని కుదరడం అరుదు.

ఇక జనమూ పోటీ నిజంగా ఢీకొన్న చోటు చెప్పాలంటే అది కోచింగ్. ఎక్స్‌బాల్ మొదటి రోజుల్లో కోచ్‌లు, ప్రేక్షకులు పాయింట్ నడుస్తుండగా గీత పక్క నుంచి అరవొచ్చు. అవతల ఎంతమంది ఔటయ్యారు, మిగిలినవాళ్లు ఏ బంకర్‌లో ఉన్నారు, ఎవరు లేచారు, అంతా కోడ్ మాటల్లో. పాత వీడియోలు పెట్టుకుని చూడండి, ఆ హోరుకి ఒళ్లు పులకరిస్తుంది. నెట్ పక్కన నిలబడ్డ అభిమాని అరుపుకి మైదానంలో ఒకడు లేచి పరిగెత్తాడంటే, అంతకన్నా జనాన్ని ఆటలోకి తేవడం ఇంకే ఆటలో ఉంది!

అయినా దాన్ని తీసేయడమే సరైనదని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకంటే ఐదుగురి ఆట అది. కుడి వైపు ప్లేయర్‌కి ఎడమ వైపు ఏం జరుగుతోందో కనపడదు, తన జట్టువాడు అరిచి చెప్పాలి. ఎప్పుడు తల తిప్పి చూడాలి, ఎవరి మాట నమ్మాలి, ఎంతమంది ఔటయ్యారో ఎలా లెక్కపెట్టుకోవాలి, ఇదంతా నైపుణ్యమే. నాలాంటి బ్యాక్ ప్లేయర్‌కి సగం పని గొంతుతోనే. బయటి నుంచి యాభై మంది చెప్పేస్తుంటే ఆ నైపుణ్యానికి విలువ పోతుంది. పైగా ఎక్కువమంది అభిమానులని తెచ్చుకోగలిగిన జట్టుకి అదనపు కళ్లు దొరికినట్టు. ఎవరూ తోడు రాని చిన్న జట్టు ఓడిపోతే అది ఆటలో ఓడినట్టు కాదు.

తీసేశాక ఏర్పడిన ఖాళీని మాత్రం ఇంకా పూర్తిగా నింపలేదు. నేను ఒక మార్కు తగ్గించింది అక్కడే. ప్లేయర్లు ఒకరికొకరు చెప్పుకునే మాటలు మైదానంలో ఉన్నవాళ్లకి తప్ప ఎవరికీ వినపడవు. పెయింట్‌బాల్‌లో బంతి కెమెరాకి సరిగా చిక్కదు. క్రికెట్ బంతి పరిమాణంలో పావు వంతు కూడా లేనిది, అంత వేగంతో పోతుంటే దాన్ని వెంబడించి చూడటం అయ్యే పని కాదు. కాబట్టి చూసేవాడికి ఆట అర్థమవ్వాలంటే మనుషుల ఉద్దేశం తెలియాలి. ఒకడు ‘స్నేక్‌లో వాడు ఔట్, నేను వెళ్తున్నా, కవర్ చెయ్’ అని అరిచి పరిగెత్తాడని వింటే ఆ పరుగుకి అర్థం వస్తుంది. వినకపోతే ఎవడో ఎందుకో పరిగెత్తాడు, ఎలాగో ఔటయ్యాడు అన్నట్టు ఉంటుంది. ప్లేయర్ల జెర్సీలో చిన్న మైక్ పెట్టి, కాస్త ఆలస్యంగా ప్రసారం చేస్తే పోటీకి ఏ నష్టమూ లేదు. విరామంలో పిట్‌లో (మైదానం పక్కన జట్టు సిద్ధమయ్యే చోటు) కోచ్ చెప్పే మాటలు వినిపించడం ఇంకా మంచిది. పై నుంచి మొత్తం మైదానం చూపించే కెమెరా ఒక మూలన చిన్నగానైనా ఎప్పుడూ ఉండాలి. బ్రేకౌట్‌ని దగ్గరి నుంచి చూపిస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ, ఎవరు ఎక్కడికి చేరారో తెలియకుండానే పాయింట్ సగం అయిపోతుంది.

ముందున్న జట్టు చివరి నిమిషాల్లో కదలకుండా కూర్చోవడం ఇంకో లోపం. గడియారం ఉన్నచోట ఆ టెంప్టేషన్ తప్పదు, వాళ్లని నేను తప్పుపట్టను. దీనికి మందు కొత్త రూల్ కన్నా లేఅవుట్‌లోనే ఉందని నాకనిపిస్తుంది. ప్రతి టోర్నమెంట్‌కీ బంకర్ల అమరిక మారుస్తారు, ఆ లేఅవుట్‌ని ముందే విడుదల చేస్తారు, అందరూ దాని మీద ప్రాక్టీస్ చేసి వస్తారు. ముందు వైపు బంకర్లు ఆడటానికి వీలుగా ఉంటే వెనక దాక్కున్నవాడిని వెళ్లి తీసేయొచ్చు. మధ్యలో ఎత్తయిన బంకర్లు చూపుని అడ్డుకుంటూ, స్నేక్‌లోకి వెళ్లే దారి అంతా బట్టబయలుగా ఉంటే ఎవరూ కదలరు. లేఅవుట్ గీసేవాళ్ల పేరుని వెబ్‌కాస్ట్‌లో ప్రతిసారీ చెప్పాలి, ఆటలో వాళ్ల పాత్ర అంతుంది.

పెనాల్టీల గురించి ఒక్క మాట. ఔటైనా తెలియనట్టు ఆడేవాడి మీద రెఫరీ జెండా విసిరి, అతనితోపాటు జట్టువాళ్లని కూడా బయటికి లాగడం కఠినంగా కనిపిస్తుంది. కానీ రంగుని చేత్తో తుడిచేసుకుని నిమిషంపాటు ఆడేసే మోసానికి అంతకన్నా తక్కువ శిక్ష చాలదు. చూసేవాడు ఆటని నమ్మాలన్నా అది కావాలి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. ఈ టోర్నమెంట్లకి వచ్చే జనంలో ఎక్కువమంది ఆడటానికే వస్తారు. ఫ్లోరిడాలో జరిగే వరల్డ్ కప్‌కి వందల జట్లు వస్తాయి, అందులో ప్రో జట్లు కొన్నే. ఎంట్రీ ఫీజు కట్టేది, అక్కడే బంతుల పెట్టెలు కొనేది, ఖర్చులో పెద్ద భాగం మోసేది కింది డివిజన్లవాళ్లు. కాబట్టి ఈ ఆటకి ఆదరణ పెరగడమంటే నా దృష్టిలో వెబ్‌కాస్ట్ చూసేవాళ్ల సంఖ్య పెరగడం ఒక్కటే కాదు. అద్దె గన్‌తో ఆడినవాడు ‘ఒక టోర్నమెంట్ ఆడి చూద్దాం’ అనుకోవాలి, అనుకున్నాక భయపడి వెనక్కి పోకూడదు.

ఆ పరీక్షలో రేస్-టు బాగానే నిలబడుతుంది. నాలుగు పాయింట్ల మ్యాచ్ అంటే మొదటి రెండు పాయింట్లు బిత్తరపోయినా తేరుకునే సమయం ఉంటుంది. పాత పద్ధతిలో మూడు సెకన్లలో ఔటైతే ఆ ఆటంతా పక్కన నిలబడి చూడటమే, ఇక్కడ కాసేపట్లో మళ్లీ హారన్ మోగుతుంది. కొత్తవాడికి దీన్ని మించిన ఓదార్పు లేదు. ప్లేయర్ల ఫలితాల రికార్డుని బట్టి ఎవరు ఏ డివిజన్‌లో ఆడాలో నిర్ణయించే పద్ధతి కూడా మంచిదే. పైస్థాయిలో ఆడినవాడు కింది డివిజన్‌లో దిగి కప్పు ఎత్తుకుపోతే, ఆ రోజు ఓడిన కొత్త జట్టు మళ్లీ రాదు. ఆ పద్ధతిని ఎంత కఠినంగా అమలు చేస్తే అంత మంచిది. ఇందులో ప్రో ఆటకీ లాభమే, ఎందుకంటే రేపటి ప్రో ప్లేయర్ ఇవాళ ఆ కింది డివిజన్‌లోనే ఉంటాడు.

మెకానికల్ డివిజన్లు మళ్లీ పుంజుకోవడం నాకు చాలా ఆనందం. బ్యాటరీ లేదు, బోర్డు లేదు, ఒక లాగుడుకి ఒక బంతి. ఖరీదైన ఎలక్ట్రానిక్ గన్ కొన్నాకే టోర్నమెంట్‌లోకి అడుగుపెట్టాలన్న అడ్డు తొలగింది. పాతకాలం ప్లేయర్లు తిరిగి వస్తున్నారు, అద్దె గన్‌కి దగ్గరగా ఉండే గన్‌తో కుర్రాళ్లు మొదలుపెడుతున్నారు. వెబ్‌కాస్ట్‌లో వాళ్ల ఫైనల్స్‌కి కూడా ఒక చోటు ఇవ్వాలి. ఇంట్లో కూచుని చూసే కుర్రాడికి ‘ఇది నేనూ ఆడగలను’ అనిపించేది ఆ మ్యాచ్‌లే.

మొదటి టోర్నమెంట్ గురించి ఆలోచిస్తున్నవాళ్లకి నా సలహా ఇది. మెకానికల్ డివిజన్‌లోనో, అందుబాటులో ఉన్న అన్నిటికన్నా కింది రేస్-టు డివిజన్‌లోనో పేరివ్వండి. ఐదుగురితో సరిపెట్టుకోకుండా ఏడుగురు ఉండేలా చూసుకోండి, లేకపోతే మూడో పాయింట్‌కే ఊపిరి అందదు. పిట్‌లో పాడ్లు నింపడానికి, గన్లు తుడవడానికి ఆడని మనిషిని ఒకరిని వెంట తీసుకెళ్లండి. గన్ కన్నా ముందు మంచి మాస్క్ కొనండి, ఆవిరి పట్టని లెన్స్ ఉన్నది. లేఅవుట్ విడుదలవగానే దాన్ని కాగితం మీద గీసుకుని, మీ ఐదుగురిలో ఎవరు ఎక్కడికి పరిగెత్తాలో, ఎవరు ఏ లేన్ కాయాలో రాసుకోండి. మొదటి మ్యాచ్‌లో ఆ కాగితం ఏ పాయింట్‌కి పనికిరాకుండా పోయిందో గుర్తుపెట్టుకుని, రెండో మ్యాచ్‌కి ముందు మళ్లీ గీయండి.